ఫిబ్రవరిలో వచ్చే మనిషి

దీపావళికి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్‌కు వెళ్ళినప్పుడు మా ఆవిడ దీపాలు చూస్తుంది, చీరల కొట్లు చూస్తుంది. ఈసారి సన్నగా తుంపర పడుతోంది. ఓ పక్క సందులో ఎవరి పిల్లలో కాల్చిన టపాసుల పొగ తడి గాలికి పైకి లేవలేక, నేల మీదే పాకుతూ వచ్చి మా మీదుగా పోయింది. నాకు కాళ్ళు ఆగిపోయాయి. తడి మట్టి, తడి కుక్క, అప్పుడే పేలిన తూటా డొప్ప, ఈ మూడూ కలిసిన వాసన ఒకటుంది. టపాసుల పొగ అచ్చంగా అది కాదు గానీ దానికి దగ్గరి చుట్టం. ఇంటికొచ్చి అన్నం తింటున్నా అది ముక్కును వదల్లేదు. మర్నాటి నుంచి, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాసుకుంటూ వచ్చాను.

*

లింకన్‌షైర్‌లో ఆసుపత్రి ఉద్యోగం దొరికిన కొత్తలో మాకు ఊళ్ళో ఇల్లు కుదరలేదు. ఊరికి దూరంగా, పొలాల మధ్య, ఒకే గోడను పంచుకునే రెండిళ్ళు ఉండేవి. ఒకదాంట్లో మేము దిగాం. రెండో దాంట్లో ఆ కమతంలో ట్రాక్టర్ నడిపే ఆయన, ఆయన భార్య. ఇప్పుడు పెద్దాయన అంటున్నాను గానీ అప్పటికి ఆయనకు యాభై దాటి ఎంతో కాలేదు.

అది ఒకప్పుడు చిత్తడి నేల. కాలువలు తవ్వి, నీళ్ళు తోడి, వందల ఏళ్ళ కిందట సాగులోకి తెచ్చారు. కనుచూపు మేర చదును. గట్టున నిలబడితే పక్క ఊరి చర్చి శిఖరం, దాని వెనక ఇంకో ఊరి శిఖరం కనిపించేవి. మట్టి నల్లగా ఉండేది. కర్నూలు జిల్లాలో రేగడి నేల తొక్కుతూ పెరిగిన నాకు, ఆ నలుపు చూశాక దేశం మారిన బెంగ సగం తీరింది. క్యాబేజీ, కాలీఫ్లవర్, బంగాళదుంప, షుగర్ బీట్, బఠాణీ, గోధుమ, బార్లీ, ఆవాల జాతి నూనె పంట కనోలా... ఏ నెలలో చూసినా ఏదో ఒక చేను పచ్చగా ఉండేది.

మొదటివారమే ఓ పొద్దున నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్నానో లేదో, ఢాం అని పేలింది. కాసేపటికి ఇంకోటి. కిటికీలోంచి చూస్తే పెద్దాయన పెరట్లో నింపాదిగా కుక్కకు తిండి పెడుతున్నారు. కంచె దగ్గరకు వెళ్ళి అడిగితే చేయి చాపి చూపించారు. చేలో గ్యాస్ సిలిండర్‌కు తగిలించిన చిన్న ఫిరంగి. దానంతట అదే కాసేపటికోసారి పేలుతుంది, పావురాలను బెదరగొట్టడానికి. "వారం రోజులు బెదురుతాయి. తర్వాత దాని మీదే ఎక్కి కూర్చుంటాయి" అన్నారు. అలాగే జరిగింది. వారం తిరిగేసరికి ఫిరంగి పేలగానే లేచి, ఓ చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే దిగేవి.

మన గుడి గోపురాల్లో కాపురం పెట్టే పావురం కాదిది. వుడ్‌పిజన్. అరకిలో తూగుతుంది. మెడకు రెండు పక్కలా తెల్లటి మచ్చ, ఎగిరినప్పుడు రెక్క మీద తెల్లటి పట్టీ. పుల్లలు నాలుగు అడ్డదిడ్డంగా పేర్చి, కింద నుంచి చూస్తే గుడ్లు కనిపించేంత పలచగా గూడు కడుతుంది. కాన్పుకు రెండు గుడ్లే, కానీ ఏడాదిలో రెండు మూడుసార్లు పెడుతుంది. బ్రిటన్‌లో ఇవి యాభై లక్షల జతల దాకా ఉన్నాయని లెక్క. పెద్దాయన చిన్నతనంలో చలికాలం వస్తే తిండి దొరక్క చాలా పిట్టలు చచ్చేవట. 1973లో బ్రిటన్ యూరప్ ఉమ్మడి మార్కెట్‌లో చేరాక కనోలా సాగు ఊపందుకుంది. ఆ పంటను ఆగస్టు చివర విత్తితే చలికాలమంతా చేలో పచ్చటి ఆకు ఉంటుంది. మంచు కురిసినా ఆకు కొసలు పైకి కనిపిస్తూనే ఉంటాయి. అప్పట్నుంచి వాటికి ఆకలి రోజులు తగ్గాయి.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పెరిగినవాళ్ళకు పిట్టను కాల్చడమంటేనే ఇబ్బందిగా ఉంటుంది. నాకూ ఉండేది. అక్కడి పద్ధతి వేరు. ఫెజెంట్ లాంటి వేట పక్షులకు కాలం ఉంది, ఫిబ్రవరి 1తో ముగుస్తుంది. వుడ్‌పిజన్‌కు అలాంటి కాలం లేదు. పంటను కాపాడుకోవడానికి ఏడాది పొడవునా కాల్చవచ్చు. దానికి జనరల్ లైసెన్స్ అని ఒకటుంటుంది, షరతులుంటాయి. ముందు చంపకుండా బెదరగొట్టే పద్ధతులు ప్రయత్నించాలి. తుపాకీకి పోలీసుల సర్టిఫికెట్ కావాలి, ఇంట్లో ఇనుప బీరువాలో తాళం వేసి పెట్టాలి. పెద్దాయన ఇంట్లో ఆ బీరువా తాళంచెవి ఎక్కడ ఉంటుందో ఆయన భార్యకు కూడా తెలియదు. చట్టం అలాగే ఉండాలంటుందని ఆయన దాన్ని అక్షరాలా పాటించేవారు.

*

నేను ఎప్పుడూ తుపాకీ పట్టలేదు. ఆయనతో వెళ్ళి మాటులో కూర్చునేవాణ్ణి. పిట్టలు ఏరేవాణ్ణి, డొప్పలు ఏరేవాణ్ణి.

మొదటిసారి పిలిచింది ఓ ఫిబ్రవరి పొద్దున. రైతు ఫోన్ చేశాడట, కాలువ అవతలి కనోలాలో దిగాయని. బయట మంచూ వానా కలిసి పడుతోంది. "నీకు సెలవేగా, వస్తావా?" అన్నారు గోడ అవతల నుంచి. వెళ్ళాను.

చేలోకి వెళ్ళగానే తుపాకీ తీస్తారనుకున్నాను. అరగంటకు పైగా వ్యాన్‌లోనే కూర్చోబెట్టారు. బైనాక్యులర్స్‌తో ఆకాశం చూస్తున్నారు. అవి ఏ చెట్ల మీద నుంచి వస్తున్నాయి, ఏ కంచె వెంట ఎగురుతున్నాయి, చేలో ఏ మూల దిగుతున్నాయి. పిట్టల దారి పట్టుకోవడమే సగం పని అనేవారు. ఆ దారి తెలిశాక కాలువ గట్టున నాలుగు గెడలు పాతి, వల కట్టి, దానికి అక్కడి ఎండు రెల్లు, ముళ్ళకొమ్మలు గుచ్చారు. గాలి మా వీపు మీద నుంచి చేలోకి వీచేలా మాటు. పిట్ట ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి మా ముందుకే రావాలి.

తర్వాత దీమం పిట్టలు, అంటే పైన ఎగిరేవాటిని కిందికి రప్పించే ఎర. మా ఊళ్ళో కౌజులు పట్టేవాళ్ళు పంజరంలో ప్రాణం ఉన్న దీమాన్ని పెట్టేవారు. ఇక్కడ కొన్ని ప్లాస్టిక్‌వి, కొన్ని ముందు రోజు కాల్చిన పిట్టలు. తలలు గాలి వైపు తిప్పి, గుర్రపు లాడం ఆకారంలో, ఒకదానికొకటి కొన్ని గజాల దూరంలో. మధ్యలో ఖాళీ. వచ్చే పిట్ట ఆ ఖాళీలోకి దిగాలని చూస్తుంది. ఒక్కో పిట్టను పెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి చూసి, మళ్ళీ వెళ్ళి సర్దేవారు. వేళ్ళు చలికి ఎర్రబడి పగిలి ఉన్నాయి. గ్లవ్స్ తొడిగితే ఈక సరిగ్గా సర్దలేమని తొడిగేవారు కాదు. మోటారుతో గుండ్రంగా తిరిగే రెండు చేతుల యంత్రం ఒకటుంటుంది, దానికి రెండు పిట్టలు తగిలిస్తే దిగుతున్నట్టే కనిపిస్తుంది. కారు బ్యాటరీతో నడుస్తుంది. ఆ బ్యాటరీని పొలం అడ్డంగా మోసుకెళ్ళడం నా వంతు. నల్లమట్టి బూటుకు పట్టుకుని వదలదు, బరువు ప్రతి అడుగుకూ పెరుగుతుంది.

ఆ రోజు ఎక్కువేమీ పడలేదు. గంటల తరబడి కూర్చున్నాం. ఒకటో రెండో వచ్చేవి, ఓసారి గుంపు మీదుగా వెళ్ళి దూరాన దిగింది, కుక్క నిట్టూర్చింది. ఫ్లాస్క్‌లో టీ అయిపోయింది. "పోదామా?" అని నేను రెండుసార్లు అడిగాను. "మనం ఇక్కడ ఉన్నంతసేపూ అవి ఈ చేలో తినవు డాక్టర్. పడటం, పడకపోవడం తర్వాత" అన్నారు.

వచ్చేముందు ఓ పిట్టను చేతిలోకి తీసుకుని గొంతు కింద సంచిని బొటనవేలితో చీల్చి చూపించారు. లోపలంతా కనోలా ఆకు, గట్టిగా కుక్కిన గోంగూర ముద్దలా. కోడిగుడ్డంత. ఒక్క పూట మేత. ఆయన దాన్ని గట్టు మీద పెట్టి చేను వైపు చూపించారు. పిట్టలు దిగిన మేర ఆకుల్లో ఈనె తప్ప ఏమీ మిగల్లేదు, మొవ్వు కూడా కొరికేశాయి. అలాంటి మొక్క మళ్ళీ చిగురిస్తుంది గానీ ఆలస్యంగా పూస్తుంది, ఆలస్యంగా పండుతుంది. ఒకే చేలో సగం ఎండి సగం పచ్చిగా ఉంటే కోత కోసేవాడికి నరకమే.

*

మా తాత జొన్నచేలో మంచె మీద కూర్చునేవాడు. ఆ చలిలో మాటులో కూర్చుని నేను ఆయన్ని తలుచుకోని రోజు లేదు. కంకి పాలు పట్టినప్పటి నుంచి కోత దాకా, పొద్దు పొడవకముందే మంచె ఎక్కేవాడు. భుజాన వడిసెల, ఒడిలో రాళ్ళు. గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే ఠప్పుమని చప్పుడు, రాయి చేను అవతలి గట్టున పడేది. హో హోయ్ అని ఒక కేక. అవతలి చేల నుంచి ఇంకో మంచె కేక బదులు వచ్చేది. చిలకలు, పిచ్చుకలు, గోరింకలు గుంపులుగా లేచి పక్క చేలో వాలితే అక్కడి వడిసెల మోగేది. పండగ నాడు మాకు కొత్త బట్టలు, పిండివంటలు. తాతకు మాత్రం మంచె మీదికే క్యారియర్. "పిట్టకు పండగుందా?" అనేవాడు. ఇప్పుడు మా ఊళ్ళో జొన్న వేసేవాళ్ళే తక్కువ. మంచెలు ఎప్పుడు మాయమయ్యాయో కూడా ఎవరూ గమనించలేదు.

పెద్దాయనకు తాత సంగతి చెబితే వడిసెల ఎలా ఉంటుందో బొమ్మ గీయించుకున్నారు. మర్నాడు సాయంత్రం పెరట్లో తాడుతో ఒకటి అల్లి కూర్చున్నారు.

*

ఆగస్టు వస్తే ఆ దారంతా కార్లు.

గోధుమ, బార్లీ కోతలయ్యాక కొయ్యకాళ్ళ చేలో గింజలు రాలి ఉంటాయి. పావురాలు వందలుగా దిగుతాయి. ఎండ, పొడి నేల, చక్కటి గాలి. పట్నాల నుంచి జనం వచ్చేవారు. కొత్త వలలు, కొత్త కుర్చీలు, ఐస్ పెట్టెలు. చెడ్డవాళ్ళేమీ కాదు, మర్యాదస్తులే, బాగా కాల్చేవాళ్ళు. సాయంత్రానికి పిట్టల్ని వరసగా పరిచి ఫోటోలు దిగేవారు. రైతు ఇంటి తలుపు కొట్టి చల్లగా మాట్లాడి, ఓ సీసా చేతిలో పెట్టి, "ఏ సాయం కావాలన్నా చెప్పండి, ఎప్పుడైనా వస్తాం" అనేవారు.

నాకు తెలియక పెద్దాయన్ని అడిగాను, ఇంతమంది వస్తుంటే మీకు బరువు తగ్గినట్టేగా అని. ఆయన కొయ్యకాళ్ళలోంచి రాలిన గింజ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. "ఇది పిట్ట తిన్నా తినకపోయినా రైతుకు ఒకటే. పంట కొట్టంలోకి వెళ్ళిపోయింది. దీన్ని కాపాడి ఎవరికి లాభం?" అన్నారు. నిజమే. అదే జులైలో గాలివానకు బార్లీ పడిపోయి, గింజ ఇంకా చేలోనే ఉన్నప్పుడు పావురాలు ఆ పడిన చోటే దిగి తొక్కి తింటాయి. అప్పుడు కావాలి మనిషి. మార్చి, ఏప్రిల్‌లో బఠాణీ విత్తాక, మొలక పైకి వచ్చే రోజుల్లో, తెల్లారుజాము నుంచి కావాలి. జనవరిలో క్యాబేజీకి కావాలి. ఆ రోజుల్లో మెత్తటి గాలి ఉండదు, పిట్ట జంకుతుంది, మూడు గంటలు కూర్చుంటే ముగ్గురికి చాలే కూర కూడా దొరకదు. ఆగస్టులో మాట ఇచ్చిన నంబర్లకు రైతు జనవరిలో ఫోన్ చేస్తుండగా నేను వాళ్ళ వంటింట్లో కూర్చుని విన్నాను. ఒకరికి పెళ్ళి ఉంది, ఒకరికి నడుము నొప్పి, ఒకరు వాతావరణం చూసి చెబుతామన్నారు. రైతు ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేసి, గోడ మీద అంటించిన కాగితంలో ఆ పేర్లు కొట్టేశాడు.

ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. పొలంలో అడుగుపెట్టే హక్కు కష్టకాలంలో వచ్చినవాడిదే అని నా నమ్మకం. సరదాకి ఒక ప్రాణం తీయడానికీ, పంట కోసం తీయడానికీ మధ్య గీత నాకు ఆ చేలోనే కనిపించింది. పెద్దాయన ఆగస్టులో కొయ్యకాళ్ళ మీద కాల్చేవారు కాదు. ఆ నెల తుపాకీ విప్పి నూనె పెట్టుకుని, వలలు కుట్టుకునేవారు.

*

పెద్దాయన కుర్రాడిగా ఉన్న రోజుల్లో ప్రభుత్వమే పావురాల తూటాలకు సబ్సిడీ ఇచ్చేది. శీతాకాలంలో ఊళ్ళకు ఊళ్ళు ఒకే సాయంత్రం చెట్ల కింద నిలబడి, గూటికి చేరే పిట్టల్ని కాల్చేవి. అప్పట్లో రోనాల్డ్ మర్టన్ అనే శాస్త్రవేత్త కేంబ్రిడ్జ్‌షైర్‌లోని కార్ల్‌టన్ అనే చోట ఏళ్ళ తరబడి పావురాలను లెక్కపెట్టి, ఈ కాల్పుల వల్ల మొత్తం సంఖ్య తగ్గడం లేదని తేల్చాడు. చలికాలపు మేతే ఎన్ని బతకాలో నిర్ణయిస్తుంది. కాల్చినవి కాల్చకపోయినా ఆకలికి పోయేవే. ఆ తర్వాత సబ్సిడీ ఆగిపోయింది.

ఇది నేను ఎక్కడో చదివి, ఆయన బాధపడతారేమోనని నసుగుతూ చెప్పాను. ఆయనకు ముందే తెలుసు. "దేశంలో పావురాల్ని తగ్గించడం నా పని కాదు. ఇవాళ, ఈ చేలో దిగకుండా చూడటం నా పని" అన్నారు. ఆర్చీ కోట్స్ పేరు కూడా అప్పుడే విన్నాను. హాంప్‌షైర్‌లో అదే వృత్తిగా బతికిన మనిషి, 1960ల్లో ఒక్క రోజులో 550 పావురాలు కొట్టాడని పేరు. అందరూ ఆ అంకె గురించే మాట్లాడతారని పెద్దాయనకు చిరాకు. కోట్స్ ఏడాదంతా రైతుల కోసం తిరిగాడు, అది ఎవరూ చెప్పరు అనేవారు.

*

వారానికోసారి మా తలుపు గొళ్ళేనికి ఒక జత పావురాలు వేలాడేవి. మా ఆవిడ మొదట్లో తలుపు తీసి కెవ్వుమనేది. తర్వాత తర్వాత అలవాటైంది. ఆయన భార్య వచ్చి, ఈకలు పూర్తిగా పీకక్కర్లేదు, రొమ్ము ముక్క రెండు వేళ్ళతో విడదీయవచ్చని చూపించింది. ముదురు ఎరుపు మాంసం, వాసన కాలేయానికి దగ్గర. వాళ్ళు వెన్నలో అటూ ఇటూ తిప్పి, లోపల ఎర్రగా ఉండగానే తినేవారు. మా ఆవిడ వాళ్ళమ్మ కౌజులకు చేసినట్టు దంచిన మిరియాలు, అల్లం వెల్లుల్లి, కాస్త ధనియాలు వేసి బాగా వేపేది. ఓ ఆదివారం వాళ్ళిద్దరినీ భోజనానికి పిలిచాం. పెద్దాయన కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, నుదుటి మీద చెమట. ఆపలేదు. పప్పుచారు గిన్నెను తన దగ్గరకు లాక్కున్నారు. మర్నాడు గొళ్ళేనికి రెండు జతలు.

తిన్న ముక్కలో ఎప్పుడైనా సీసపు గుండు పంటికి తగిలితే పళ్ళెం అంచున పెట్టేవాళ్ళం. అది టంగుమనే చప్పుడు మా పిల్లలకు ఇప్పటికీ గుర్తు.

*

తర్వాత మేము లెస్టర్ వచ్చేశాం. ఫోన్లలో, ఏడాదికి రెండు మూడు ప్రయాణాల్లో ఆ ఊరు కొనసాగింది.

2019 ఏప్రిల్ చివర్లో, ఓ పర్యావరణ సంస్థ న్యాయపోరాటం వల్ల, ఇంగ్లండ్‌లో ఆ జనరల్ లైసెన్సులు ఒక్కసారిగా రద్దయ్యాయి. చెప్పింది రెండు రోజుల ముందు. సరిగ్గా బఠాణీ మొలకలు వస్తున్న కాలం. అప్పుడు మేము వెళ్ళి ఉన్నాం. ఆయనకు డెబ్భై దాటాయి, మోకాళ్ళు పోయాయి. కాల్చేవాళ్ళలో కొందరు మండిపడ్డారు, మరికొందరు పోనీలే, ఆగస్టుకల్లా సర్దుకుంటుందిలే అన్నారు. ఆయన తుపాకీ బీరువాలో పెట్టి తాళం వేశారు. చట్టం వద్దందంటే వద్దు. పొద్దున ఐదింటికి ఓ కర్రకు ఎరువుల సంచి చింపి కట్టుకుని చేలోకి నడిచారు. ఈ చివర నుంచి ఆ చివరకు, సంచి ఊపుతూ, గొంతెత్తి అరుస్తూ. అటు వెళితే ఇటు దిగుతున్నాయి. నేను ఇటు చివర నిలబడ్డాను. హో హోయ్ అన్నాను. అన్నేళ్ళ తర్వాత నా నోట ఆ కేక. ఆయన ఆగి, తిరిగి చూసి, అదే కేక వేశారు. కొత్త లైసెన్స్ వచ్చేదాకా ఆయన రోజూ అలాగే నడిచారని తర్వాత ఆయన భార్య చెప్పింది.

ఆ తర్వాత కనోలా కూడా ఆ కమతంలో ఆగిపోయింది. విత్తనానికి పట్టించే నియోనికోటినాయిడ్ అనే పురుగుమందులపై నిషేధం వచ్చాక మొలకను తినే ఓ రకం పెంకు పురుగు పెరిగి, చాలామంది రైతులు ఆ పంట మానేశారు. పావురాలు క్యాబేజీ మీద, చిక్కుడు మీద పడ్డాయి. పని తగ్గలేదు, చేను మారింది.

చివరి ఏళ్ళలో ఓ కుర్రాడు ఆయన దగ్గరకు వచ్చేవాడు. మొదట ఆగస్టులో అడిగాడు, నేర్పమని. "జనవరిలో రా" అన్నారు. వస్తాడనుకోలేదట. జనవరి మొదటి వారంలో, జోరువానలో, సైకిల్ మీద వచ్చాడు. ఆ శీతాకాలమంతా తుపాకీ ముట్టనివ్వకుండా బ్యాటరీ మోయించారు.

పెద్దాయన పోయి రెండేళ్ళయింది. చర్చి నిండిపోయింది. ఆగస్టు వాళ్ళు కూడా నల్ల కోట్లు వేసుకుని వచ్చారు, మనస్ఫూర్తిగానే వచ్చారు. తర్వాత ఊరి హాల్లో టీ, సాండ్విచ్‌లు. ఆ కుర్రాడి కోసం చూశాను, అప్పటిదాకా పెద్దాయన భార్య పక్కనే నిలబడ్డాడు. అడిగితే రైతు కొడుకు చెప్పాడు: వెళ్ళిపోయాడు, బఠాణీలో దిగాయి. టీ కూడా తాగలేదు. పెద్దాయన భార్య అది విని, రెండు సాండ్విచ్‌లు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది, పోయేదారిలో వాడికి ఇచ్చి వెళ్ళమని.